పంట పండిన నాటికి సంత లేదు – హైదరాబాదు పోలీసు జట్టు, ఆసియా క్లబ్బుల కప్పు

ఉగాది సంచికలో బంతాట చరిత్ర యెందుకని పెద్దలు కొందరు అడుగవచ్చు. పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం, వేపపూవు పచ్చడి - వీటి నడుమ ఫుట్‌బాలుకు చోటెక్కడిదని సందేహించవచ్చు. మా సమాధానం యిది. మన యిండ్లలో పిల్లలు అర్ధరాత్రి దాటిన తరువాత కూడా మేలుకొని, మాడ్రిడ్, మిలాన్, లివర్‌పూల్ నగరాల జట్లు ఆడే ఆటలను టెలివిజనులో చూస్తున్నారు. ఆ ఆటగాండ్ర పేర్లు వారికి కంఠస్థం. ఆ జట్ల రంగుల చొక్కాలు తొడుక్కొని హోసూరు వీధులలో తిరుగుతున్నారు. ఇందులో తప్పేమీ లేదు. కాని ఆ పిల్లలే ఒకనాడు మనలను, "తెలుగుదేశానికి యిటువంటి జట్టు యెప్పుడైనా వుండేదా?" అని అడిగితే, ఏమని చెప్పగలం? వుండేదని చెప్పాలి. దేశమంతటా దానిని మించినది లేదని చెప్పాలి. మరి ఆసియా ఖండపు కప్పులో దాని పేరు ఎందుకు కానరాదో కూడా చెప్పాలి. ఆ చెప్పవలసిన దానిని నాలుగు మాటలలో యిక్కడ పొందుపరుస్తున్నాము.

మనం వుంటున్న హోసూరు, కృష్ణగిరి సీమ యీ కథ చెప్పుకోవడానికి తగిన చోటే. తరతరాలుగా యిక్కడే పుట్టి పెరిగిన తెలుగువారు మనలో కొందరు. సిప్కాటు ఫ్యాక్టరీలు వచ్చిన తరువాత బ్రతుకుతెరువు కోసం సీమ జిల్లాలనుంచీ, కోస్తా జిల్లాలనుంచీ వచ్చి స్థిరపడినవారు కొందరు. హోసూరుకు బెంగుళూరు నలభై కిలోమీటర్లు. హైదరాబాదు ఆరువందల పైచిలుకు. మనసు ఒక దిక్కున, మార్కెట్టు ఒక దిక్కున. చెప్పబోయే చరిత్రలో ఆ రెండు నగరాలూ వస్తాయి.

ఖండపు కప్పు యెట్లా పుట్టింది

ఒక దేశంలో యే క్లబ్బు మేటియో తేల్చడానికి ఆ దేశపు పోటీలు చాలును. నాలుగు దేశాల మేటి క్లబ్బులలో మేటి యెవరు? ఈ ప్రశ్న యూరపులో 1954 డిసెంబరులో గట్టిగా వినవచ్చింది. ఇంగ్లండులోని వుల్వర్‌హాంప్టన్ జట్టు, హంగరీనుంచి వచ్చిన హోన్వెడ్ జట్టును 3-2 గోలులతో ఓడించింది. అంతటితో ఇంగ్లీషు పత్రికలు తమ జట్టే ప్రపంచానికి మొనగాడని చాటుకున్నవి. పారిస్‌లో లెకీప్ అనే ఆటల పత్రికలో పనిచేస్తున్న గాబ్రియేల్ హానో అనే రచయితకు యిది మింగుడుపడలేదు. ఇంటివద్ద గెలిచినంతమాత్రాన సరిపోదు, బుడాపెస్టుకు వెళ్ళి ఆడాలి, మాస్కోకు వెళ్ళి ఆడాలి, అప్పుడుగాని తేలదని వాదించాడు. ఆయనా, ఆయన పత్రికా పట్టుబట్టగా 1955లో యూరపు ఛాంపియన్ క్లబ్బుల కప్పు మొదలైంది. 1956 జూనులో పారిస్‌లో జరిగిన మొదటి ఫైనలులో రియల్ మాడ్రిడ్ జట్టు ఫ్రాన్సులోని రాంస్ జట్టును 4-3తో ఓడించింది. 1960 వరకు వరుసగా అయిదేండ్లు ఆ కప్పు మాడ్రిడ్ చేతిలోనే వున్నది. 1960లో దక్షిణ అమెరికా ఖండం కూడా యిటువంటి పోటీని పెట్టుకోగా, ఉరుగ్వే దేశపు పెన్యారోల్ మొదట గెలిచింది.

ఇటువంటి పోటీ సాగడానికి ఆటగాండ్రు వుంటే చాలదు. విమాన ప్రయాణం అందుబాటులోకి రావాలి. వారం మధ్యలో రాత్రిపూట ఆడడానికి మైదానంలో దీపాలు కావాలి. అన్నిటికంటె ముఖ్యం, ప్రతి దేశంలోనూ "యీ యేడు మా మేటి క్లబ్బు యిది" అని తేల్చి పంపే పద్ధతి వుండాలి. ఈ మూడవ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము. మన కథ అక్కడే చిక్కుకున్నది.

అయిదేండ్లు తిరుగులేని జట్టు

మాడ్రిడ్ జట్టు వరుసగా అయిదు కప్పులు గెలవడానికి ముందే, మన దేశంలో ఒక జట్టు ఆ పని చేసింది. అది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఆ రోజులలో దేశంలోని పెద్ద కప్పులలో ఒకటి. దానిని 1950 మొదలు 1954 వరకు, అయిదు సంవత్సరాలు, మరొకరి చేతికి పోనివ్వకుండా హైదరాబాదు పోలీసువారే గెలిచినారు.

ఆ జట్టు పేరు పెరగడం మన గుమ్మం ముందరే మొదలైంది. 1943లో బెంగుళూరులో జరిగిన ఆష్ బంగారు కప్పు పోటీ ఫైనలులో హైదరాబాదు పోలీసులు రాయల్ ఎయిర్ ఫోర్సు జట్టును ఓడించినారు. యుద్ధకాలం. దొరల సైన్యం దేశమంతటా నిండివున్న కాలం. ఆ విజయంతో దక్కన్‌లో ఒక జట్టు తలయెత్తిందని ఆట తెలిసినవారు గుర్తించినారు. బెంగుళూరు కూడా తక్కువది కాదు. దొరల జట్ల సొత్తుగా వుండిన రోవర్స్ కప్పును 1937లో మొదటిసారి గెలిచిన భారతీయ జట్టు బెంగుళూరు ముస్లిమ్స్. మరుసటి యేడు కూడా వారే గెలిచినారు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత డ్యూరాండు కప్పు పోటీ 1950లో ఢిల్లీలో మళ్ళీ మొదలైంది. ఫైనలులో కలకత్తా మోహన్ బగానుకూ, హైదరాబాదు పోలీసులకూ తొలి ఆట సమానంగా ముగిసింది. రెండవ ఆటలో 1-0తో హైదరాబాదు గెలిచింది. తరువాత 1954లో, 1957 నాటి పోటీలో, 1961లో కూడా ఆ కప్పు వారికే దక్కింది. 1960 నాటికి జట్టు పేరు ఆంధ్ర పోలీసుగా మారింది. రెండు పేర్లమీద కలిపి లెక్కిస్తే రోవర్స్ కప్పులు తొమ్మిది, డ్యూరాండు కప్పులు నాలుగు. ఏ కాలానికైనా యిది చిన్న లెక్క కాదు.

ఈ ఘనత వెనుక వున్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదులో పుట్టినారు. వృత్తి బడిపంతులు. అందరూ ఆయనను రహీమ్ సాబ్ అనేవారు. పంతులుగారు బడిలో పాఠం చెప్పినట్లే మైదానంలో ఆట చెప్పినారు. ఎడమకాలు బలహీనంగా వున్నవానిని ఎడమకాలితోనే ఆడమనడం ఆయన పద్ధతి. అందుకోసం బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టించినారు. బంతిని తనవద్దనే వుంచుకొని వయ్యారాలు పోయేవానికి బుద్ధి వచ్చేటట్లు, బంతితో పరుగెత్తరాదనే నియమంతో మరికొన్ని పోటీలు నడిపినారు. బంతి వచ్చీ రాగానే తోటివానికి అందించాలి, అందించి ఖాళీచోటికి కదలాలి - యిదీ ఆయన పాఠం. వినడానికి సులువు. పదకొండుమంది ఒకే మనసుతో చేయడం కష్టం.

హైదరాబాదులో దిద్దిన అక్షరాలు దేశానికంతటికీ పనికివచ్చినవి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీమ్ సాబ్ శిక్షణలో భారత జట్టు స్వర్ణపతకం గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది. ఆ జట్టులో హైదరాబాదు మైదానాలలో పెరిగినవారు పలువురు. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పెరిగిన తులసీదాసు బలరాం 1960లో రోము ఒలింపిక్సులో హంగరీమీద, పెరూమీద గోలులు కొట్టినాడు. 1962లో జకార్తాలో, దాదాపు లక్షమంది ప్రేక్షకులు మన జట్టును గేలిచేస్తూ వుండగా, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మరల స్వర్ణం గెలిచినారు. అప్పటికే రహీమ్ సాబ్‌ను క్యాన్సరు తినివేస్తున్నది. 1963 జూను 11న ఆయన కన్నుమూసినారు. ఆ సంవత్సరమే ఆంధ్ర పోలీసులు తమ తొమ్మిదవ రోవర్స్ కప్పు గెలిచినారు. అదే వారి చివరి రోవర్స్ కప్పు.

సంత కూడిన నాడు

ఆసియా ఫుట్‌బాలు సమాఖ్య 1954లో మనీలాలో ఏర్పడింది. భారతదేశం వ్యవస్థాపక సభ్యదేశాలలో ఒకటి. హైదరాబాదు పోలీసులు అయిదవ రోవర్స్ కప్పు గెలిచిన సంవత్సరం అదే. కాని క్లబ్బుల పోటీ పెట్టడానికి ఆ సమాఖ్యకు మరి పదమూడేండ్లు పట్టింది. 1967 డిసెంబరులో బాంకాకులో మొదటి ఆసియా ఛాంపియన్ క్లబ్బుల పోటీ జరిగింది. యూరపులో మాదిరి ఒకరి వూరికి ఒకరు వెళ్ళి ఆడడం యింత పెద్ద ఖండంలో కుదిరే పని కాదు కనుక, జట్లన్నీ ఒకే నగరానికి చేరి ఆడినవి. ఇస్రాయేలుకు చెందిన హాపోయెల్ టెల్ అవీవ్ మలేసియాకు చెందిన సెలంగోర్ జట్టును ఓడించి మొదటి విజేత అయింది.

రెండవ పోటీ 1969లో, మళ్ళీ బాంకాకులోనే. మన దేశం మొదటిసారిగా జట్టును పంపింది. ఏ జట్టును? మోహన్ బగాను కాదు, ఈస్టు బెంగాలు కాదు, ఆంధ్ర పోలీసు కాదు. మైసూరు రాష్ట్ర జట్టు! క్లబ్బుల పోటీకి రాష్ట్రపు జట్టు వెళ్ళడమేమిటని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కారణం పైన చెప్పినదే. మన దేశంలో అప్పటికి జాతీయ క్లబ్బు ఛాంపియన్‌షిప్పు అంటూ ఒకటి లేదు. కలకత్తాలో ఒక లీగు, బొంబాయిలో ఒక లీగు, హైదరాబాదులో ఒక లీగు. వాటికి తోడు రోవర్సు, డ్యూరాండు, ఐ.ఎఫ్.ఎ. షీల్డు అనే కప్పులు. జాతీయ ఛాంపియనని చెప్పదగిన బిరుదు సంతోష్ ట్రోఫీ ఒక్కటే. అది రాష్ట్రాల జట్ల పోటీ. ఆ యేండ్లలో మైసూరువారు వరుసగా రెండుసార్లు దానిని గెలిచినారు. అందుచేత వారు బాంకాకుకు ప్రయాణమైనారు. ఆ పోటీలో టెల్ అవీవ్ నగరానికే చెందిన మకాబీ క్లబ్బు కొరియా జట్టు యాంగ్జీని 1-0తో ఓడించి కప్పు తీసుకున్నది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. అదే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు రాష్ట్రపు జట్టు 1956-57లో, 1957-58లో వరుసగా గెలిచింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో బెంగాలును ఓడించి గెలిచింది. ఆసియా పోటీ రెండు సంవత్సరాలు ముందు పుట్టి, మన దేశం అదే పద్ధతిలో జట్టును పంపివుంటే, ఆసియా ఖండపు క్లబ్బుల కప్పులో ఆడిన తొలి భారతీయ జట్టు తెలుగువారిదే అయ్యేది. పది, పన్నెండేండ్లు ముందు పుట్టివుంటే, రహీమ్ సాబ్ తన శిష్యులను వెంటబెట్టుకొని వెళ్ళేవారు. పంట పండిన నాటికి సంత లేదు. సంత కూడిన నాటికి మన గాదె ఖాళీ.

1970లో పోటీ టెహ్రానులో జరిగింది. మన దేశం తరఫున బెంగాలు రాష్ట్ర జట్టు వెళ్ళింది. 1969 సంతోష్ ట్రోఫీ గెలిచి బెంగాలుకు ఆ అర్హత తెచ్చిపెట్టిన జట్టులో ముందు వరుసన ఆడి గోలులు కొట్టినవాడు మహమ్మద్ హబీబ్ - హైదరాబాదు బిడ్డ! 1966లో కలకత్తా ఈస్టు బెంగాలులో చేరి, తరువాత జీవితమంతా అక్కడి క్లబ్బులకే ఆడినాడు. 1977లో పెలే అంతటివాడు కాస్మోస్ జట్టుతో కలకత్తాకు వచ్చినప్పుడు, 2-2గా ముగిసిన ఆ ఆటలో మోహన్ బగాను తరఫున ఒక గోలు హబీబ్‌దే. గింజలు మనవే, గాదె మాత్రం పొరుగువారిది.

1971లో పంజాబు జట్టు వెళ్ళింది. ఆ యేటి ఫైనలు జరుగనే లేదు. ఇరాకు పోలీసు జట్టు రాజకీయ కారణాలచేత ఇస్రాయేలు జట్టుతో ఆడడానికి నిరాకరించింది. కప్పును మకాబీకి యిచ్చినారు. 1972 పోటీ రద్దయింది. ఆ తరువాత పదమూడేండ్లు ఆ కప్పు మాట యెత్తినవారు లేరు.

ఎందుకు నిలువలేదు

హైదరాబాదు జట్టు ఎందుకు సడలిపోయిందని ఆలోచిస్తే మాకు మూడు కారణాలు తోస్తున్నవి. మొదటిది, విద్య అంతా ఒక్క గురువును ఆశ్రయించి వుండడం. రహీమ్ సాబ్‌తోపాటు ఆ బడి కూడా మెల్లమెల్లగా మూతబడింది. రెండవది, జట్టు ఒక ప్రభుత్వ శాఖను ఆశ్రయించి వుండడం. పోలీసు వుద్యోగం ఆటగానికి అన్నం పెట్టింది. అది గొప్ప మేలు. కాని కలకత్తా క్లబ్బులు, రైల్వేలు, ఫ్యాక్టరీలు అంతకంటె మంచి జీతం చూపినప్పుడు ఆటగాండ్రను నిలుపుకొనే మార్గం ఆ శాఖకు లేకపోయింది. బలరాం ఆ దారినే వెళ్ళినాడు, నయీముద్దీన్ వెళ్ళినాడు, హబీబ్ వెళ్ళినాడు. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ పొరుగు రాష్ట్రానికి వచ్చిన మనం వారిని తప్పుపట్టలేము. మనమూ ఆ దారిన వచ్చినవారమే.

మూడవది అన్నిటికంటె పెద్దది. మోహన్ బగాను 1889లో, ఈస్టు బెంగాలు 1920లో పుట్టినవి. వాటికి సభ్యులున్నారు. తండ్రి సభ్యుడైతే కొడుకూ సభ్యుడౌతాడు. ఓడినప్పుడు తిట్టేవారూ, చందా యిచ్చేవారూ ఒకరే. గురువు పోతే మరొక గురువును తెచ్చుకున్నారు. ఆటగాడు పోతే మరొకనిని తెచ్చుకున్నారు. హైదరాబాదు పోలీసు జట్టుకు అభిమానులు లక్షలు, సభ్యులు లేరు. జట్టు వేరు, క్లబ్బు వేరు. జట్టును పదకొండుమంది నడుపుతారు. క్లబ్బును వూరు నడుపుతుంది.

మరల తెరచిన తలుపు

మన దేశంలో క్లబ్బులకు జాతీయ స్థాయిలో ఫెడరేషన్ కప్పు 1977లో వచ్చింది. దానిని మొదట గెలిచినది మన పొరుగున వున్న బెంగుళూరు ఐ.టి.ఐ. జట్టు, టెలిఫోను పరికరాలు చేసే ప్రభుత్వ ఫ్యాక్టరీవారిది. ఆసియా క్లబ్బుల పోటీ 1985లో మరల మొదలు కాగా, ఈస్టు బెంగాలు దానిలో పాల్గొన్నది. కొరియా, జపాను, సౌదీ అరేబియా, ఇరాను క్లబ్బులు ఒకదాని వెంట ఒకటి కప్పును పట్టుకుపోయినవి. 2002-03లో అది ఛాంపియన్స్ లీగుగా మారగా, ఆ పేరుమీద తొలి కప్పును ఎమిరేట్సులోని అల్ ఐన్ గెలిచింది. రియాదు నగరపు అల్ హిలాల్ 1991 మొదలు 2021 లోపల నాలుగుసార్లు గెలిచింది. రియాదు, జెడ్డా, దోహా - యీ పేర్లు మన కరీంనగరం, నిజామాబాదు, కడప కుటుంబాలకు కొత్తవి కావు. అక్కడ కష్టపడుతున్న మన బంధువులకు ఆ క్లబ్బుల జెండాలు యెరుకే.

మన దేశపు క్లబ్బు ఒకటి ఆ ఛాంపియన్స్ లీగు అసలు పోటీలో ఆడడం 2021లో గాని జరుగలేదు. అది గోవా జట్టు. 2022లో రియాదులో ముంబయి సిటీ జట్టు ఇరాకు జట్టును 2-1తో ఓడించి మన దేశానికి ఆ పోటీలో మొదటి గెలుపు తెచ్చింది. అంతకుముందే, ఆసియాలో రెండవ శ్రేణిదైన ఎ.ఎఫ్.సి. కప్పులో బెంగుళూరు జట్టు ఒక ఘనకార్యం చేసింది. 2013లో పుట్టిన ఆ క్లబ్బు 2016 అక్టోబరులో కంఠీరవ స్టేడియంలో, అంతకుముందటి విజేత అయిన మలేసియా జొహోర్ జట్టును 3-1తో ఓడించి ఫైనలుకు చేరింది. ఏ భారతీయ క్లబ్బూ అంతవరకు ఆ మెట్టు యెక్కలేదు. దోహాలో జరిగిన ఫైనలులో ఇరాకు వైమానిక దళపు జట్టు చేతిలో 1-0తో ఓడిపోయింది. హోసూరునుంచి గంటన్నర ప్రయాణంలో వున్న మైదానంలో ఆసియా సెమీఫైనలు జరిగిందన్న సంగతి మన పిల్లలకు తెలియాలి.

మరి హైదరాబాదు? 2019లో హైదరాబాదు ఎఫ్.సి. పేరుతో కొత్త క్లబ్బు వచ్చింది. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగు ఫైనలులో కేరళ జట్టును పెనాల్టీలమీద ఓడించి ఛాంపియను అయింది. ఆసియా తలుపు మరల తెరచుకొన్నట్లే కనిపించింది. 2023 మేలో, ఎ.ఎఫ్.సి. కప్పులో ప్రవేశానికి కోళిక్కోడులో ఒక్క ఆట ఆడవలసివచ్చింది. అందులో మోహన్ బగాను చేతిలో 3-1తో ఓడిపోయింది. ఆ వెంటనే డబ్బు యిబ్బందులు చుట్టుముట్టినవి. యాజమాన్యం చేతులు మారింది. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. పాత కథే కొత్త బట్టలు కట్టుకొని వచ్చింది. మొదటిసారి ఒక శాఖమీద ఆధారపడితే, యీసారి ఒక యజమానిమీద ఆధారపడినాము. రెండుసార్లూ వూరి చేతిలో లేదు.

మనం చేయదగినది

ఆసియా కప్పు గెలవడం హోసూరు తెలుగువారి చేతిలో లేదు. కాని యీ చరిత్రలో మనవంటి సంఘాలకు పనికివచ్చే సంగతి ఒకటి వున్నది. పరాయి రాష్ట్రంలో మన భాష, మన పండుగ, మన బడి నిలవాలంటే ఒక్క మంచి కార్యదర్శిమీదనో, ఒక్క దాతమీదనో భారం వేసి కూర్చుంటే చాలదు. ఆయన వున్నన్నాళ్ళు వరుసగా అయిదు కప్పులు గెలువవచ్చు. ఆయన తరువాత? ప్రతి కుటుంబం సభ్యత్వం కట్టడం, పిల్లలను వెంటబెట్టుకొని సభలకు రావడం, పద్దు పుస్తకం సరిగా వ్రాసి మరొక చేతికి అప్పగించడం - యివి కీర్తి తెచ్చే పనులు కావు. సంఘాన్ని నూరేండ్లు నిలిపేవి మాత్రం యివే.

ఇక పిల్లల విషయం. 2024లో రహీమ్ సాబ్ కథను మైదాన్ అనే హిందీ చిత్రంగా తీసినారు, చూడనివారు చూడవచ్చు. అంతకంటె మేలు, ఆదివారం నాడు పిల్లలను మైదానానికి తీసుకొనిపోయి, ఎడమకాలితో మాత్రమే ఆడే ఆట ఒకటి ఆడించడం. దానికి ఖర్చు లేదు. ఆ పాఠం చెప్పిన పంతులుగారు హైదరాబాదువారనీ, ఆయన జట్టు అయిదేండ్లు దేశంలో తిరుగులేక నిలిచిందనీ, హబీబ్, బలరాం మన నేలమీద ఆట నేర్చినవారనీ ఆట మధ్య విశ్రాంతిలో చెప్పండి. మాడ్రిడ్ పేరు తెలిసిన నోటికి ఆ పేర్లు బరువు కావు.

పాఠక సోదర సోదరీమణులకు నూతన సంవత్సర శుభాకాంక్షలు. ఈ యేటి పంచాంగంలో మన సంఘానికి ఆదాయం వ్యయం కంటె ఎక్కువగా వుండుగాక. పండిన పంటకు సంత కూడా సిద్ధంగా వుండుగాక.